డబ్బా మార్చకు అల్లుడూ, ముందు పిన్ను చూడు

చిరంజీవి అల్లుడికి,

మావయ్య దీవెనలు. ఇక్కడ అందరం బాగున్నాం. అత్తయ్యకు మోకాలు నొప్పి తగ్గింది, నాకు నోరు మాత్రం తగ్గలేదు, అందుకే ఈ ఉత్తరం.

మొన్న రాత్రి ఫోన్ చేసి ఏమన్నావు? “ఎనిమిదివేలు పోసి డాక్ కొన్నాను మావయ్యా, కంప్యూటర్‌కీ హెడ్‌ఫోన్‌కీ మధ్య పెట్టే డబ్బా. హెడ్‌ఫోన్‌ను ఫోన్‌కి నేరుగా పెడితే ఎలా వినిపించిందో ఇప్పుడూ అలాగే ఉంది. దీన్ని వెనక్కిచ్చేసి పాతికవేలది తీసుకుంటా” అన్నావు. వాపసు ఇవ్వడానికి ఇంకా నాలుగు రోజులే గడువుందని ఒకటే టెన్షన్. ఫోన్‌లో చెబితే సగం విని “సర్లే మావయ్యా” అనేస్తావు. కాగితం మీద ఉంటే నాలుగు రోజులూ చదువుకోవచ్చు.

ముందు ఒకటి. తేడా వినిపించలేదంటే నీ చెవి చెడ్డదని కాదు, డబ్బా చెడ్డదనీ కాదు. ఆ డబ్బా చేసేవి రెండే పనులు. కంప్యూటర్ నుంచి వచ్చే అంకెలను కరెంటు అలగా మారుస్తుంది, ఆ అలకు హెడ్‌ఫోన్‌ను కదిలించేంత బలం ఇస్తుంది. ఈ రెండూ శుభ్రంగా చేయడం ఇవాళ పెద్ద ఖర్చు పని కాదు. మా కాలంలో ఖర్చే. 2011లో ఒక ఇంజినీరు, అసలు పేరు చెప్పకుండా ఎన్‌డబ్ల్యూఏవీగై అన్న మారుపేరుతో, ఓ2 అని ఒక హెడ్‌ఫోన్ యాంప్, అంటే అలకు బలమిచ్చే డబ్బా, డిజైన్‌ను అందరికీ ఉచితంగా ఇచ్చేశాడు. రెండు తొమ్మిది వోల్టుల బ్యాటరీల మీద కూడా నడుస్తుంది. ఖరీదైన వాటి పక్కన పెట్టి, కొలిచి, ఇది చాలదా అని అడిగాడు. ఆ మరుసటి ఏడాది మాయమైపోయాడు, మళ్లీ రాలేదు. అతను వెళ్లిపోయాడు గానీ అడిగిన ప్రశ్న ఉండిపోయింది. ఇప్పుడు వెయ్యి రూపాయల చిల్లరకు వచ్చే డాంగిల్, అంటే ఫోన్‌కు గుచ్చే వేలెడంత డాక్ కూడా చాలా హెడ్‌ఫోన్లకు సరిపోయేంత శుభ్రంగా పలుకుతోంది.

కాబట్టి నీ ఫోన్‌లో ఉన్నదే బాగుంటే, నీ డబ్బా దానికంటే గొప్పగా ఏం చేస్తుంది? మంచి డబ్బా పాటకు ఏమీ కలపదు. అద్దంలాంటిది. పాత అద్దం శుభ్రంగానే ఉంటే కొత్త అద్దంలో ముఖం మారదు కదా.

మరి షాపులో విన్నప్పుడు ఆ పాతికవేలది అంత బాగా ఎలా అనిపించింది అంటావు. దానికి నా పాత పాపం ఒకటి చెప్పాలి. పూర్ణా మార్కెట్ వెనక సందులో నా రిపేరు కొట్టు నీకు గుర్తుండకపోవచ్చు, అప్పటికి నువ్వు చంటివాడివి. ఎవరైనా యాంప్లిఫయర్ తెచ్చి “సౌండు మొద్దుబారింది” అంటే విప్పి చూసేవాణ్ని. కొన్నింట్లో ఏమీ ఉండేది కాదు, దుమ్ము తప్ప. తుడిచి బిగించి, వాళ్లు వచ్చినప్పుడు వాల్యూమ్‌ను మునుపటికంటే పిసరంత పైన పెట్టి వినిపించేవాణ్ని. “అబ్బ, ఎంత క్లియర్‌గా ఉందండీ” అని డబ్బులిచ్చి వెళ్లేవాళ్లు. మన చెవి అంతే. ఒక్క డెసిబెల్ ఎక్కువైతే “గట్టిగా ఉంది” అనదు, “బాగుంది” అంటుంది. కాబట్టి రెండు డబ్బాలను పోల్చాలంటే మోత సమానం చేసి పోల్చాలి. లేకపోతే గట్టిదే గెలుస్తుంది.

సమానం చేయడం చెవితో కాదు, మీటర్‌తో. వంద హెర్ట్‌జ్ స్వరం ఒకటి పెట్టు, హెడ్‌ఫోన్ తలమీంచి తీసి పక్కన పెట్టు కానీ ప్లగ్ ఉండనీ. ఒక రంధ్రాన్ని రెండు చేసే స్ప్లిటర్ పిన్ను పెట్టి రెండో రంధ్రం దగ్గర ఏసీ వోల్టులు కొలువు. రెండు డబ్బాలకూ నూటికి రెండు పాళ్లకు మించి తేడా రాకుండా వాల్యూమ్ సర్దు. వెయ్యి హెర్ట్‌జ్ స్వరం వద్దు, చౌక మీటర్లు అక్కడ సరిగ్గా చూపించవు. ఇంకోమాట, రెండొందల రూపాయల మీటర్లో ఏసీ కనిష్ఠ రేంజే రెండొందల వోల్టులు. దాంతో ఇది కొలవడమంటే బస్తాల కాటాలో బంగారం తూచినట్టే. రెండు వోల్టుల రేంజ్ ఉన్నది నా దగ్గరుంది, పట్టుకెళ్లు. తర్వాత అమ్మాయిని నీ వెనక నిలబెట్టి, ఏది పెట్టిందో చెప్పకుండా మార్చమను. పది సార్లలో ఎన్నిసార్లు సరిగ్గా పోల్చావో రాసుకో. ఐదారు దగ్గర ఆగితే పాతికవేలు బ్యాంకులో ఉండనీ.

ఇక నువ్వు కొన్న ఆ డబ్బా అట్టపెట్టె మీద ముప్పైరెండు బిట్లు, ఏడువందల అరవైఎనిమిది కిలోహెర్ట్‌జ్ అని బంగారు అక్షరాలు వేసుంటాయి. వాటిని చూసి మురవకు, భయపడకు. 1982లో వచ్చిన సీడీ పదహారు బిట్లు, 44.1 కిలోహెర్ట్‌జ్. అందులో సగం, అంటే ఇరవైరెండు కిలోహెర్ట్‌జ్ దాకా ఉన్న స్వరాలను అది పట్టగలదు. మనిషి చెవి ఇరవై కిలోహెర్ట్‌జ్ దాటి వినలేదు, నా వయసుకు పన్నెండు వినిపిస్తే గొప్ప. ఆ పాత లెక్కే ఇప్పటికీ వినడానికి చాలు.

పవర్ సంగతి మాత్రం కొంచెం లెక్కగా చూడాలి, ఎందుకంటే జనం ఎక్కువ డబ్బు తగలేసేది ఇక్కడే. నీ హెడ్‌ఫోన్ ముప్పైరెండు ఓమ్‌లది (ఓమ్‌లంటే కరెంటుకు అది పెట్టే అడ్డు), ఒక మిల్లీవాట్‌కి సుమారు వంద డెసిబెల్స్ ఇస్తుంది అన్నావు. వంద డెసిబెల్స్ అంటే చెవి చిల్లు పడే మోత. నువ్వు వినే ఎనభై డెసిబెల్స్‌కు ఎంత కావాలో తెలుసా? మిల్లీవాట్‌లో నూరోవంతు. మృదంగం దెబ్బ పడ్డప్పుడు ఒక్కసారిగా లేచే మోతకు ఇంకో ఇరవై డెసిబెల్స్ వదిలినా ఒక మిల్లీవాట్ దాటదు. ఒక వోల్టు ఇచ్చే చిన్న డాంగిల్ అదే హెడ్‌ఫోన్‌కు ముప్పై మిల్లీవాట్లు ఇవ్వగలదు. నీ డబ్బా మీద రాసిన వందల మిల్లీవాట్లు స్కూటర్ నడపడానికి లారీ ఇంజను పెట్టినట్టు.

అదే మూడు వందల ఓమ్‌ల హెడ్‌ఫోన్ అయితే కథ వేరు. సెన్‌హైజర్ హెచ్‌డీ 600 లాంటివి. 1997 నుంచి వస్తున్నాయి, ఇప్పటికీ జనం కొంటున్నారు. వాటికి వోల్టులు కావాలి. ఒక వోల్టు పెడితే మూడు మిల్లీవాట్ల పైచిలుకే వస్తుంది. సినిమా పాటలకు సరిపోతుంది, తక్కువ మోతలో రికార్డు చేసిన కచేరీకి చాలకపోవచ్చు. అప్పుడు నీ డబ్బా అక్కరకొస్తుంది.

ఆండ్రాయిడ్ ఫోన్ల దగ్గర ఒక గమ్మత్తుంది. యాపిల్ డాంగిల్ మంచిదని పేరు విని కొంటారు. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో అది సగం గొంతుతోనే పలుకుతుంది, ఎందుకంటే దాని లోపలి వాల్యూమ్‌ను ఫోన్ పూర్తిగా పైకి తియ్యదు. “డాంగిల్‌లో దమ్ము లేదు” అని తిట్టుకుంటారు. తప్పు దాంది కాదు, జోడీ కుదరలేదు.

ఇప్పుడు నీ డబ్బా దగ్గరకు వస్తాను. పోయిన ఆదివారం మధురవాడలో నీ గదిలో చూసినప్పుడే చెబుదామనుకున్నాను, కానీ అత్తయ్య పకోడీలు వేయించడం మొదలుపెట్టింది, నా దృష్టి అటు పోయింది. నువ్వు గెయిన్ స్విచ్చును, అంటే డబ్బా ఎంత బలం ఇవ్వాలో చెప్పేదాన్ని, హైలో పెట్టి, వాల్యూమ్ మీటను ఇంత, గడియారంలో ఎనిమిది గంటల దగ్గర పెట్టి వింటున్నావు. అది తప్పు. చౌక డబ్బాల్లోని వాల్యూమ్ కంట్రోల్ మొదటి పావు తిప్పులో రెండు చెవులనూ సమానంగా చూడదు. ఎడమ ఒకలా, కుడి ఒకలా. నీకు గాయని గొంతు కాస్త ఎడమకు ఒరిగినట్టు వినిపించిందన్నావు కదా? గాయని కాదురా ఒరిగింది, నీ మీట.

లో గెయిన్‌కి మార్చు. మీట పదకొండు నుంచి ఒంటిగంట మధ్య ఉన్నప్పుడు నీకు హాయిగా వినిపించాలి. లో గెయిన్‌లో కూడా మోత ఎక్కువైతే ల్యాప్‌టాప్‌లో వాల్యూమ్ తగ్గించు, మొహమాటపడకు. “కంప్యూటర్‌లో ఎప్పుడూ నూరు శాతమే ఉండాలి” అని నీకెవరో చెప్పారు. మామూలుగా అది సరైనదే. కానీ అది శాసనం కాదు. పాటలో పదహారు బిట్లే ఉన్నాయి, అంటే అతి మెల్లని శబ్దానికీ అతి గట్టిదానికీ మధ్య తొంభయ్యారు డెసిబెల్స్ విస్తారం. డబ్బాకు ఇరవైనాలుగు బిట్లు పంపుతున్నప్పుడు కంప్యూటర్‌లో ఇరవై డెసిబెల్స్ తగ్గించినా పాటలో పోయేదేమీ ఉండదు. చెవులు రెండూ సమానంగా వినడం అంతకంటే ముఖ్యం.

విండోస్ సెట్టింగ్స్‌లో ఫార్మాట్ ఇరవైనాలుగు బిట్లు పెట్టుకో. పాటలే ఎక్కువైతే 44,100, వీడియోలే ఎక్కువైతే 48,000. సౌండు పెంచే ఎఫెక్టులు ఏవి ఉన్నా, స్పేషియల్ అనీ సరౌండ్ అనీ, అన్నీ ఆపెయ్. ఘంటసాల పాటలకు సరౌండ్ పెట్టి విన్నానన్నావు చూడు, ఆ మాటకు నాకు రెండు రోజులు నిద్రపట్టలేదు. అవి మోనోలో తీసిన పాటలు. రెండు చెవుల్లో ఒకటే వస్తుంది, గొంతు నడినెత్తి మీద నిలబడుతుంది. అదే వాటి అందం.

తర్వాత ఆ గుయ్‌మనే రొద. పాట ఆగినప్పుడు వినిపిస్తోందన్నావు. అది డబ్బా జబ్బని పొరపడితే డబ్బాలు మారుస్తూనే ఉంటావు. నేనూ పొరపడ్డాను. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ మన విశాఖను ఎలా తొక్కిందో నీకు తెలుసు. లాసన్స్ బే కాలనీలో మా అద్దె ఇంటి కిటికీ అద్దాలు ఒక్కటి మిగల్లేదు. కరెంటు లేదు, నీళ్లు లేవు, ఫోన్లు లేవు. మూడో రోజు రాత్రి ఏం తోచక, ల్యాప్‌టాప్‌లో కాస్త చార్జీ మిగిలి ఉంటే, యూఎస్‌బీ డబ్బా తగిలించి ద్వారం వెంకటస్వామి నాయుడు గారి వయొలిన్ పెట్టుకున్నాను. పాత రికార్డు కదా, బుస్సుమనే శబ్దం ఉంది. కానీ ఆ బుస్సు వెనక ఏడాదిగా నేను డబ్బాను తిట్టుకుంటూ వింటున్న గుయ్ లేదు. కరెంటు వచ్చాక చార్జర్ గుచ్చితే మళ్లీ గుయ్. ముప్పయ్యేళ్లు రిపేర్లు చేసినవాడికి తుపాను వచ్చి చెప్పాల్సి వచ్చింది, తప్పు చార్జర్‌దని.

నువ్వూ అదే పరీక్ష చెయ్. పాట ఆపి, చార్జర్ ప్లగ్ పీకి విను. రొద పోతే దారి దొరికినట్టే. ల్యాప్‌టాప్ ఒంటిమీద చెయ్యి వేస్తే జివ్వుమంటోందా? అంటే చాలావరకు ఎర్తింగ్ సరిగ్గా లేనట్టే. మన ఇళ్లలో మూడు రంధ్రాల సాకెట్ ఉన్నంత మాత్రాన మూడో దాంట్లో వైరు ఉందని అర్థం కాదు, చాలా చోట్ల అది అలంకారం. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి చూపించు. చార్జర్ మూడో పిన్ను విరిచేస్తే రొద పోతుందని ఎవడైనా సలహా ఇస్తే వాడి ఇంటికి మళ్లీ వెళ్లకు. రొదతో పాటు మనిషీ పోతాడు. అపార్ట్‌మెంటులో ఎర్తింగ్ బాగయ్యేదాకా చార్జర్ పీకి బ్యాటరీ మీద విను, గంటన్నర పాట ఎక్కడికీ పోదు. డబ్బాను యూఎస్‌బీ హబ్‌కి కాక ల్యాప్‌టాప్‌కే నేరుగా గుచ్చు. హబ్‌లో హార్డ్‌డిస్కు, మౌసు అన్నీ కలిసి గోల చేస్తాయి.

ఇప్పుడు మన ఊరికే ప్రత్యేకమైన శత్రువు. ఉప్పుగాలి. ఎర్తింగ్ గోతిలో మనమే బొగ్గూ ఉప్పూ పోస్తాం, అక్కడ ఉప్పు మిత్రుడు. జాక్ మీద శత్రువు. నీ పిన్ను చూశావా? నేను చూశాను. నలుపెక్కి, అంచున పచ్చ తిరిగింది. తిప్పినప్పుడు కరకర వస్తుంది, ఒకోసారి ఒక చెవి పోతుంది. నువ్వు “డాక్‌లో బాస్ తక్కువ” అన్నప్పుడే నాకు అనుమానం వచ్చింది. పిన్నులో కింది భాగం సరిగ్గా తగలకపోతే రెండు చెవులకూ ఉమ్మడి తీగ తెగినట్టే. అప్పుడు పాటలో మధ్యన నిలబడే గొంతు, బాస్ మాయమై, పక్క వాద్యాలు మాత్రం నూతిలోంచి పలికినట్టు వస్తాయి. అది నువ్వు డబ్బాకు అంటగట్టావు.

మందుల షాపులో కాదు, ఎలక్ట్రానిక్స్ షాపులో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తెచ్చుకో. డబ్బాకు కరెంటు తీసేసి, దూదికి తడి చేసి పిన్ను రుద్దు, దూది నల్లబడడం ఆగేదాకా. పిన్నును జాక్‌లో పదిసార్లు పెట్టి తియ్యి. వాల్యూమ్ మీటను ఈ చివరి నుంచి ఆ చివరికి ఇరవై సార్లు తిప్పు. పావుగంట ఆరాక పెట్టు. కొబ్బరినూనె రాస్తే తుప్పు పట్టదని మా పక్కింటాయన రాశాడు, దుమ్మంతా అక్కడే కాపురం పెట్టింది. వాడనప్పుడు స్టీలు డబ్బాలో, చెప్పుల పెట్టెల్లో వచ్చే ఆ తేమ పీల్చే గుళికల పొట్లాలతో పాటు పెట్టు. కిటికీ పక్క బల్లమీద మాత్రం వద్దు, సముద్రం కనిపిస్తే జాక్‌కు సముద్రం తగులుతుంది.

చెవి మెత్తలు కూడా చూసుకో. మన ఉక్కపోతకూ చెమటకూ ఆ తోలులాంటిది రెండేళ్లలో పొలుసులు రాలుతుంది. మెత్తకూ చెవికీ మధ్య సందు పడితే మొదట పోయేది బాస్. నీకింకో సందుంది, కళ్లజోడు. కాడ దగ్గర మెత్త ఎత్తుకుంటుంది. ఒకసారి కళ్లజోడు తీసి అదే పాట విను. బాస్ వెంటనే తిరిగొస్తే పాతికవేలు ఖర్చు కాకుండా సమస్య తీరినట్టే. సన్నని కాడలున్న జోడు ఒకటి పాటల కోసం పెట్టుకో.

హెడ్‌ఫోన్ మార్చాలనిపించి, వెనక జాలీ ఉన్న ఓపెన్ రకం కొందామని అడిగావు. అవి బాగుంటాయి, విశాలంగా ఉంటాయి. కానీ మే నెలలో మన విశాఖలో ఫ్యాను ఐదు మీద తిరగకుండా పాట వినగలిగే మొనగాణ్ని నేనింకా చూడలేదు. ఓపెన్ హెడ్‌ఫోన్లో ఫ్యాను చప్పుడు, కింద ఆటోల హారన్లు, అన్నీ కచేరీలో కూర్చుంటాయి. ఏసీ గది, కిటికీ మూసుకునే అలవాటు ఉంటే కొను. లేదంటే మూసి ఉన్నవే, లేదా చెవిలో పెట్టుకునేవే నయం. చెవిలోవి అయితే ఒక జాగ్రత్త. డబ్బా అవుట్‌పుట్ ఇంపీడెన్స్, అంటే డబ్బా తన వైపు నుంచి పెట్టే అడ్డు, ఎన్ని ఓమ్‌లో చూడు. హెడ్‌ఫోన్ ఓమ్‌లలో ఎనిమిదో వంతు దాటకూడదు. ముప్పైరెండుకు నాలుగు, పదహారుకు రెండు. దాటితే కొన్నింటి పలుకే మారిపోతుంది. నీ డబ్బాది ఒకటి లోపే, నేను చూశాను.

డబ్బు ఖర్చు పెట్టాలని చెయ్యి దురదగా ఉంటే హెడ్‌ఫోన్ మీద పెట్టు. రెండు హెడ్‌ఫోన్ల మధ్య తేడా అత్తయ్య కూడా పక్కగదిలోంచి చెబుతుంది, రెండు డాక్‌ల మధ్య తేడా అమ్మినవాడే చెప్పాలి. దానికంటే ముందు, పైసా ఖర్చు లేకుండా, బాస్‌నీ మిగతా స్వరాలనీ విడివిడిగా సర్దే ఈక్వలైజర్ వేసుకో. విండోస్‌లో ఈక్వలైజర్ ఏపీఓ ఉచితం. నీ మోడల్‌కు ఎవరో కొలిచి పెట్టిన సర్దుబాటు ఆటోఈక్యూ అనే వెబ్‌సైట్‌లో దొరకొచ్చు. ఏ శ్రుతినైనా ఆరు డెసిబెల్స్ పెంచితే, మొత్తం మోతను సర్దే ప్రీయాంప్‌లో ఆరు తగ్గించు. తగ్గించకపోతే గొంతు పెద్దదైన చోట చిరిగిన గుడ్డలా పలుకుతుంది.

వినేదాని సంగతి కూడా చూసుకో. ద్వారం వారి పాత రికార్డులు డెబ్భయ్యెనిమిది ఆర్‌పీఎమ్ నాటివి. ఒక వైపుకు మూడు నిమిషాల పైచిలుకు. వాటిని ఒకడు టేపుకెక్కించి, ఇంకొకడు ఎంపీత్రీ చేసి, మూడోవాడు యూట్యూబ్‌లో పెడితే, యూట్యూబ్ మళ్లీ నొక్కుతుంది. అందులో పోయింది ఏ డాకూ తేలేదు. అవే పాటల మంచి ప్రతి సంపాదించు. అదే డబ్బాలో కమాను తీగమీద ఆగి మళ్లీ కదిలే చోటు కూడా వినిపిస్తుంది.

మోత గురించి ఒక్కటే చెప్పి ఆపుతాను. వారానికి నలభై గంటలు ఎనభై డెసిబెల్స్ దాకా పెద్దవాళ్లకు ఫరవాలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. నీ ఆఫీసు మీటింగులే రోజుకు ఐదారు గంటలు హెడ్‌ఫోన్లో సాగుతాయి. పాటలకు మిగిలేది ఎంతో నువ్వే కూడుకో. నేను కొట్టులో స్పీకర్లు గట్టిగా పెట్టి పరీక్షించేవాణ్ని, అందుకే ఇప్పుడు నువ్వు ఫోన్ చేస్తే ఎడమ చెవికి పెట్టుకోను.

నాలుగు రోజుల్లో నువ్వు చేయాల్సింది ఇంతే. పిన్ను తుడువు, లో గెయిన్‌కి మార్చు, చార్జర్ పీకి విను, కళ్లజోడు తీసి విను. అప్పటికీ మొద్దుగా ఉంటే వెనక్కిచ్చెయ్, కానీ పాతికవేలది కొనకు. ఆదివారం ఇద్దరూ ఇటు రండి. మీటరూ స్ప్లిటరూ తీసి పెడతాను. హెడ్‌ఫోన్ కేబుల్ కూడా పట్టుకురా, పిన్ను దగ్గర వంగిన చోట లోపల ఒక తీగ తెగినట్టు అనుమానంగా ఉంది, టంకం వేస్తాను. వచ్చేటప్పుడు దొరికితే మాడుగుల హల్వా పావుకిలో. అత్తయ్యకు చెప్పకు, నాకు షుగరని గొడవ చేస్తుంది.

నీ
మావయ్య